తుపాకీకి తుప్పు పట్టకుండా ఏ ఆయిల్ రాయాలి?

తుపాకీకి ఏ ఆయిల్ మంచిది అని అడిగితే చాలు, ప్రతి ఒక్కరూ ఒక బ్రాండ్ పేరు చెప్పేస్తారు, అడిగినాయన అదే కొనుక్కుంటాడు, తుప్పు మాత్రం దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఆ తుపాకీ మళ్లీ మీ చేతిలోకి ఎప్పుడొస్తుంది? రేపా, వచ్చే నెలా, లేక ఏడాది పాటు అలా పడి ఉంటుందా? ఇది తేలితే ఆయిల్ సగం ఎంచుకున్నట్టే.

ఎందుకంటే భాగాలు అరగకుండా చూసే ఆయిల్ వేరు, తుప్పుని ఆపే ఆయిల్ వేరు. రెండూ ఒకే సీసాలో రావచ్చు కానీ పనులు మాత్రం రెండు. పల్చటి మెషిన్ ఆయిల్ బోల్టు (తూటాని లోపలికి తోసి మూసే కదిలే భాగం) మీద వేస్తే హాయిగా జారుతుంది, కానీ నిలబెట్టిన బారెల్ (తుపాకీ గొట్టం) మీద వేస్తే మెల్లగా కిందికి దిగిపోతుంది, కొన్నాళ్లకి పైభాగం దాదాపు పొడిగా మిగులుతుంది. తుప్పు ఆపడానికే చేసిన ఆయిల్స్‌లో కాల్షియం సల్ఫొనేట్ లాంటివి కలుపుతారు, వీటి అణువులో ఒక కొస ఉక్కుని పట్టుకుంటుంది, రెండో కొస నూనెలో ఉంటుంది, అందుకే ఆ పొర అంత తేలిగ్గా వదలదు, తడిని కూడా ఉక్కు దాకా రానివ్వదు. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ కూడా ఇలాగే అంటుకుని ఉంటుంది, కాస్త జిగటగా ఉంటుంది అంతే. టెఫ్లాన్ ఉంది అని డబ్బా మీద పెద్దగా రాసి ఉంటే అది జారడానికి పనికొచ్చే విషయం, తుప్పుకి దాంతో పెద్దగా సంబంధం లేదు.

డబ్ల్యూడీ-40 గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. అది 1953లో శాన్ డియాగోలో తయారైంది, ఆ పేరుకి అర్థమే నీటిని తోసేసే 40వ ఫార్ములా అని, అట్లాస్ క్షిపణి పైతొడుగుకి తుప్పు పట్టకుండా వాడారు. వానలో తడిసిన తుపాకీ మీద కొడితే సందుల్లో నీళ్లని బయటికి తోస్తుంది, ఆ పని బాగా చేస్తుంది. కానీ అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకం, మిగిలే పొర చాలా పల్చన. కాబట్టి కొట్టి, తుడిచి, ఆపైన అసలు ఆయిల్ రాయాలి, అదొక్కటే కొట్టి నెలల తరబడి లోపల పెట్టేస్తే ఒప్పుకోను.

వారం వారం బయటికి తీసే తుపాకీకి సీఎల్‌పీ చాలు. శుభ్రం చేయడం, జారేలా చేయడం, కాపాడటం మూడూ ఒకదాంట్లోనే అని దాని ఉద్దేశం, అమెరికా సైన్యం ఎప్పటినుంచో ఇదే వాడుతోంది. చెక్క, తోలు ఎక్కువున్న పాత తుపాకీ అయితే నాకు బాలిస్టాల్ అనే నూనె నచ్చుతుంది, 1900ల మొదట్లో జర్మనీలో పుట్టింది, కొంచెం క్షార గుణం ఉంటుంది కాబట్టి చెమటలోని ఆమ్లాన్ని కొంత తగ్గిస్తుంది, చెక్కకీ హాని చేయదు. నెలల తరబడి కదపని తుపాకీ అయితే పల్చటి ఆయిల్స్ వదిలేయండి, గ్రీజు గానీ మైనం గానీ రాయండి. రెండో ప్రపంచయుద్ధం తుపాకులు గోడౌన్లలో ఏళ్ల తరబడి బాగానే ఉన్నాయంటే కాస్మోలైన్ అనే చిక్కటి గ్రీజు పుణ్యమే, కాకపోతే దాన్ని వదిలించడం ఓ పెద్ద పని. బ్రిటిష్ మ్యూజియంలో 1950లలో తయారుచేసిన రినైసెన్స్ వ్యాక్స్ బయటి భాగాలకి చాలా బాగుంటుంది, ఆరిపోయాక చేతికి అంటదు, వేలిముద్ర పడదు. వంటనూనెలు మాత్రం వద్దండీ, గాలి తగిలేకొద్దీ చిక్కబడి బంకలా తయారవుతాయి, ట్రిగ్గర్ లోపల అది గడ్డకడితే విప్పి గీకాల్సిందే.

ఇక వేలిముద్రల సంగతి. బ్లూయింగ్ (ఉక్కు మీద రసాయనాలతో తెప్పించే నల్లటి పొర) చేసిన బారెల్‌ని చెమట చేత్తో పట్టుకుని తుడవకుండా పెట్టేసి కొన్ని రోజులాగి వెలుతురులో వంచి చూడండి, వేలి గీతలు గీతలుగా సన్నగా గోధుమరంగులో కనిపిస్తాయి, అచ్చం స్టాంపు కొట్టినట్టు. చెమటలో ఉప్పు చేసిన పని అది. ఆ నల్లటి బ్లూయింగ్ కూడా ఇనుప ఆక్సైడే, అదీ ఒక రకం తుప్పే అనుకోవచ్చు, సన్నటి రంధ్రాలతో ఉంటుంది, ఆ రంధ్రాల్లో నూనె నిలిస్తేనే కాపాడుతుంది, నూనె లేకపోతే దాని బలం చాలా తక్కువ. స్టెయిన్‌లెస్ కదా అని ధీమా కూడా వద్దు, నెమ్మదిగా పడుతుంది కానీ పడుతుంది.

ఇక్కడే చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది, ఉప్పు నూనెలో కరగదు. కొన్ని పాత మిలిటరీ తూటాల ప్రైమర్‌లో (తూటా అడుగున దెబ్బ తగలగానే ముందు అంటుకునే మందు) పొటాషియం క్లోరేట్ ఉంటుంది, పేలాక అది పొటాషియం క్లోరైడ్‌గా బారెల్ లోపల మిగిలిపోతుంది, గాలిలో తేమని లాక్కుంటూ కూర్చుంటుంది. దాని మీద ఎంత ఖరీదైన ఆయిల్ రాసినా కింద తుప్పు మొదలవుతుంది. ముందు వేడినీళ్లు పోసి కడగాలి, పూర్తిగా ఆరబెట్టాలి, అప్పుడు ఆయిల్. తుపాకీలో నీళ్లు పోయడమా అని భయపడతారు గానీ ఆ ఉప్పుని తీసేది నీళ్లే.

ఎంత రాయాలంటే, గుడ్డకి రాసి ఆ గుడ్డతో తుడిచినంత. కారేలా పోస్తే ఎక్కువైన నూనె వెనక్కి దిగి చెక్కలోకి ఇంకి దాన్ని మెత్తబరుస్తుంది, ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ని కొట్టే సూది) దగ్గర చేరితే దుమ్ముతో కలిసి ముద్దవుతుంది, తూటాల ప్రైమర్‌కి తగిలితే అది పేలకపోవచ్చు కూడా. ఆయిల్ రాసిన కొత్తలో మూతి కిందికి పెట్టి ఉంచితే ఆ ఇబ్బంది తప్పుతుంది. తోలు కవర్లో, ఫోమ్ పెట్టెలో పెట్టి మర్చిపోకండి, అవి తేమని పట్టి ఉంచుతాయి. చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చినప్పుడు ఉక్కు మీద చెమర్చినట్టు నీళ్లు పడతాయి, వాటిని తుడిచి, పూర్తిగా ఆరాకే ఆయిల్ రాయండి. పెట్టెలో సిలికా జెల్ వేసి తేమ 50 శాతం చుట్టుపక్కల ఉండేలా చూస్తే ఆయిల్ మీద సగం భారం తగ్గుతుంది.

నచ్చిన ఆయిల్స్‌ని మీరే పరీక్షించుకోవచ్చు. ఒకే రకం మామూలు ఉక్కు మేకులు తీసుకుని ఫ్యాక్టరీ నూనె పోయేలా కడిగి, ఒక్కోదానికి ఒక్కో ఆయిల్ రాసి, ఒకటి ఉత్తిగా వదిలేసి, అన్నిటి మీదా ఉప్పునీళ్లు చిలకరించి రోజూ చూడండి. ల్యాబుల్లో చేసే సాల్ట్ స్ప్రే పరీక్షకి ఇది ముతక రూపం, అక్కడ 5 శాతం ఉప్పునీళ్లు 35 డిగ్రీల దగ్గర స్ప్రే చేస్తారు. డబ్బా మీద మాటల కంటే ఆ మేకుల్ని నేను ఎక్కువ నమ్ముతాను.

తుపాకీ ముట్టుకునే ముందు ఖాళీగా ఉందో లేదో చాంబర్‌లో (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) కళ్లతో చూసుకోండి, మీరు ఆ పని చేసే గదిలోనే తూటాలు ఉండకూడదు. మళ్లీ కాల్చే రోజున బారెల్ లోపలి నూనె, గ్రీజు అంతా పొడి గుడ్డతో, గుడ్డ పొడిగా బయటికొచ్చేదాకా తీసేయాలి, చాంబర్ కూడా. లోపల గ్రీజు అడ్డం ఉండగా కాలిస్తే బారెల్ ఉబ్బిపోవచ్చు, పగిలిపోవచ్చు కూడా.