బీరువా అద్దం ముందు

పందొమ్మిదేళ్ళ వయసులో నేను వేసుకున్న నా బొమ్మ విజయవాడ సత్యనారాయణపురంలో, మా పిన్ని ఇంట్లో, ట్రంకుపెట్టెలో పట్టుచీరల అడుగున ఇరవై ఆరేళ్ళుగా ఉంది. ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నానని, వచ్చి దాన్ని తీసుకువెళ్ళమని పిన్ని ఫోను చేయడంతో, విశాఖపట్నంలో మధ్యాహ్నం రత్నాచల్ ఎక్కి చీకటి పడేవేళకు బెజవాడలో దిగాను. దారి పొడుగునా నా ఒళ్ళో ఒక చిత్రం నకలు ఉంది. కిటికీలోంచి చూసింది తక్కువ, దాన్ని చూసింది ఎక్కువ.

అది నేటి బెల్జియంలోని ఆంట్వెర్ప్ నగరానికి చెందిన చిత్రకారిణి కాతరీనా వాన్ హెమెస్సెన్ 1548లో వేసుకున్న స్వీయచిత్రం. అసలుది స్విట్జర్లాండులోని బాసెల్ మ్యూజియంలో ఉంది. ఈజిల్ ముందు కూర్చున్న ఆమె చేతుల్లో కుంచె, రంగుల పాలెట్టు, పట్టు తప్పకుండా చెయ్యి ఆనించుకునే సన్నని కర్ర ఉన్నాయి. ఎదుటి పలక మీద అప్పటికి తల ఒక్కటే మొదలైంది. ఆమె తొడుక్కున్నట్టి ఎర్ర మఖమలు చేతుల దుస్తుల్లో రంగుల పనికి ఎవరూ కూర్చోరు కనుక, తన మర్యాదనూ తన వృత్తినీ ఒకే చోట చూపాలని ఆమె కోరుకున్నదని నాకు అనిపిస్తుంది. నన్ను నేను చిత్రించుకున్నానని, తన పేరుతో, ఏడాదితో, ఇరవయ్యేళ్ళ తన వయసుతో సహా ఆమె లాటిన్‌లో ఆ చిత్రం మీదనే రాసుకుంది. ఆమె తండ్రి యాన్ కూడా పేరున్న చిత్రకారుడే. 1554లో ఆమెకు పెళ్ళయింది. ఆ తరువాతి తేదీ వేసిన ఆమె చిత్రం ఒక్కటీ ఇప్పటివరకు దొరకలేదు.

రాత్రి భోజనాలయ్యాక పిన్ని పెట్టె తెరిచింది. కాగితం అంచులు పసుపుబారాయి గాని పెన్సిలు గీతలు చెక్కుచెదరలేదు. జడ, జడలో కనకాంబరాలు, మెడలో గొలుసు, ఓణీ మడతలు, అన్నీ ఓపికగా వేశాను. చేతులు మాత్రం లేవు. మోచేతుల పైననే బొమ్మ ఆగిపోయింది. సంతకమూ లేదు. చేతులు వేయడం కష్టమని వదిలేశాననుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ రాత్రి చూస్తే కారణం అది కాదని తెలిసింది. చేతులు వేస్తే వాటిలో పెన్సిలు వేయవలసి వచ్చేది. పెన్సిలు వేస్తే ఆ పిల్ల చిత్రకారిణి అయ్యేది. "మా అమ్మాయి బొమ్మలు చక్కగా వేస్తుంది" అని పెళ్ళివారితో చెప్పడం వేరు, అమ్మాయి చిత్రకారిణి అని చెప్పడం వేరు. ఇరవై ఏళ్ళుగా ప్రదర్శనల్లో నా చిత్రాలు పెడుతున్నా, మొన్నటిదాకా ఏ దరఖాస్తులోనైనా వృత్తి దగ్గర నేను 'గృహిణి' అనే రాశాను.

మరునాడు ఉదయం బందరు రోడ్డులోని బాపు మ్యూజియానికి వెళ్ళాను. విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్ళు నిండిన 1887లో పునాది వేసిన భవనం అది. అక్కడ అల్లూరు బుద్ధుని సున్నపురాతి విగ్రహం ముందు చాలాసేపు నిలబడ్డాను. చీవరం, అంటే భిక్షువులు కప్పుకునే వస్త్రం, దాని మడతలు చెక్కిన ఉలి ఎవరిదో ఎవరికీ తెలియదు. ఇక్కడికి దగ్గరలోని అమరావతి స్తూపానికి రాళ్ళు దానం చేసిన ఉపాసికల పేర్లు, భిక్షుణుల పేర్లు బ్రాహ్మీ లిపిలో ఈనాటికీ చదవగలుగుతున్నాం. ఇచ్చిన స్త్రీకి పేరు దక్కిన ఆ నేల మీద చేసినవారికి దక్కలేదు. కాతరీనా ఆ ఒక్క వాక్యంలో చేసిన వ్యక్తీ తానే, బొమ్మలోని వ్యక్తీ తానే అని చెప్పగలిగినందుకు ఆమె మీద నాకు మరింత గౌరవం కలిగింది.

మధ్యాహ్నం పిన్ని నిద్రపోతుండగా, పాత బొమ్మ వేసుకున్న ఆ టేకు బీరువా అద్దం ముందే కుర్చీ వేసుకుని కొత్త కాగితం బిగించాను. స్వీయచిత్రం వేసే ప్రతివారికీ ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది: అద్దంలో కుడిచెయ్యి ఎడమచెయ్యి అవుతుంది. ఉన్నదున్నట్టు వేస్తే చూసేవారికి నేను ఎడమచేతివాటం మనిషిని అవుతాను. సరిదిద్దాలంటే కంటికి కనబడేదాన్ని కాదని, తెలిసినదాన్ని వేయాలి. పైగా, గీసే చెయ్యి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది కనుక దాన్ని నిలిపి చూడడం కుదరదు. గీత గీసి, ఆగి, చూసి, మళ్ళీ గీయాలి. ఈసారి ముఖం కంటే ముందు చెయ్యి మొదలుపెట్టాను. బొగ్గు అంటిన వేళ్ళు, అరిగిన గోళ్ళు, పోపు చిట్లి కాలిన మచ్చ, అన్నీ వేశాను.

పిన్ని లేచి వచ్చి వెనక నిలబడి చూసింది. "మొహం వెయ్యలేదేమే? చెయ్యి మాత్రం నీదేనని ఇట్టే తెలుస్తోంది" అంది. కాసేపాగి, "పేరు కూడా రాయి, ఆ పాతదాని మీద రాయలేదు నువ్వు" అంది.

సాయంత్రం బండికి వేళయ్యేసరికి ముఖం సగమే అయింది. పాత బొమ్మనూ కొత్తదానినీ కలిపి పిన్ని ఇచ్చిన నూలుచీరలో చుట్టి, పైబెర్తు మీద పెట్టకుండా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. కొత్తదాని అడుగున నా పేరు, ఏడాది, నా వయసు నలభై ఐదు అని తెలుగులో రాసి ఉన్నాయి.