కొండవార చేనుకి .315: రైఫిలు, తూటా ఎంపికలో నా అనుభవం

చేను మీద పడే అడవిపందుల బెడదకి తుపాకి కొనాలనుకున్నాక, దుకాణం గడప తొక్కకముందే 1959 ఆయుధాల చట్టంలో 13వ సెక్షను చదువుకున్నాను. ఎంపిక సగం అక్కడే తేలిపోయింది. పంట కాపలాకి ఆ సెక్షను చెప్పేది మందు కూరి కాల్చే తుపాకి. అది చాలదని అధికారికి అనిపిస్తే గొట్టంలో మరలు లేని ఇంకో తుపాకికి, అంటే మనందరికీ తెలిసిన 12 బోర్‌కి, లైసెన్సు ఇవ్వొచ్చు. రైఫిలు ఊసు అక్కడ లేదు. దానికి తగిన కారణం విడిగా చూపించుకోవాలి. అందుకే నా దరఖాస్తులో పంట నష్టం కాగితాలు ఒక్కటే పెట్టలేదు. కొండవార కళ్లం కాడ రాత్రుళ్లు కాపలా ఉండాల్సి రావడం, ఊరికీ చేనుకీ మధ్య దూరం, ఆత్మరక్షణ అవసరం కూడా రాశాను. ఒట్టి ‘పందుల కోసం రైఫిలు కావాలి’ అని రాస్తే 12 బోర్ చాలదా అని అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్నే.

దరఖాస్తు ఏ-1 ఫారంలో, ఆన్‌లైన్‌లో. శిక్షణ సర్టిఫికెట్ ఎస్-1, డాక్టరు ఇచ్చే ఎస్-3, తుపాకి భద్రంగా దాచే చోటు గురించి హామీపత్రం జతచేయాలి. తర్వాత పోలీసు విచారణ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఇక్కడొక తికమక వచ్చింది. పాలకొండ వాళ్ల పాత కాగితాల్లో శ్రీకాకుళం జిల్లా ఉంటుంది, పార్వతీపురం వాళ్లకి విజయనగరం. ఇప్పుడు రెండూ పార్వతీపురం మన్యం. ఆధార్‌లో, పాసుపుస్తకంలో జిల్లా పేరు వేర్వేరుగా ఉంటే ముందు అవి సరిచేసుకుని వెళ్లడం మేలు. 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే, లైసెన్సు కాలం ఐదేళ్లు.

ఇక తూటా. చుక్కతో మొదలయ్యే అంకె గొట్టం లోపలి వెడల్పు, సుమారుగా అంగుళాల్లో. .303, 7.62 నాటో రెండూ సైన్యం వాడినవి, మామూలు లైసెన్సు మీద రావు. .22తో పంది మీద కాల్చడం పాపం. చావదు, గాయంతో తుప్పల్లో దూరుతుంది, తెల్లారి ఆ దారిన వెళ్లినవాడి మీద పడుతుంది. మిగిలినవి మూడు: 12 బోర్, .315, .30-06.

12 బోర్‌లో ఎస్‌జీ, ఎల్‌జీ అనే పెద్ద గుళ్లతో 30 మీటర్ల లోపు పని జరుగుతుంది. అది దాటితే గుళ్లు చెదిరి ఒకటో రెండో తగులుతాయి. వారసత్వంగా వచ్చిన పాత తుపాకులు కొన్నిటి ఛాంబరు, అంటే తూటా కూర్చునే అర, 65 మిల్లీమీటర్లే. వాటిలో 70 తూటా పట్టేస్తుంది, కానీ పేలేటప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. బారెల్ కింద ముద్ర చూడకుండా తూటా కొనకూడదు.

.30-06లో 180 గ్రెయిన్ల (దాదాపు 11.7 గ్రాముల) గుండు సెకనుకి 820 మీటర్ల వేగంతో వెళ్తుంది. .315లో 244 గ్రెయిన్లది సుమారు 600 మీటర్లతో. కాగితం మీద .30-06దే పైచేయి. 200 మీటర్ల దగ్గర .315 గుండు బాగా కిందికి జారిపోతుంది. కానీ చోడి (రాగి) చేనులో, చెరుకు గట్టు మీద పంది కనిపించేది 40, 50 మీటర్లలో, మహా అయితే 60లో. ఆ దూరంలో బరువైన మెత్తముక్కు గుండు నెమ్మదిగా వెళ్లినా సరిపోతుంది. పైగా .30-06 తన్ను ఎక్కువ, తూటా అన్ని దుకాణాల్లో దొరకదు. నేను .315 తీసుకున్నాను. పెట్టె మీద .315 అని, తూటా అడుగున ‘8 ఎంఎం కేఎఫ్’ అని ఉంటుంది. రెండూ ఒకటే, కంగారు పడక్కర్లేదు. .303 సైన్యానిదని పౌరులకి ఇవ్వకపోవడంతో అదే లీ-ఎన్‌ఫీల్డ్ (పాత బ్రిటిష్ సైన్యపు రైఫిలు) బోల్ట్ పద్ధతి మీద ఈ తూటాకి రైఫిళ్లు చేశారు. ఇప్పటి రైఫిలు ఇషాపూర్ ఫ్యాక్టరీది.

కొనేటప్పుడు కొత్తదైనా పాతదైనా పరీక్ష ఒకటే. ముందు బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) తీసి మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె), ఛాంబరు ఖాళీయేనని వేలు పెట్టి చూడాలి. బోల్ట్ మీద నంబరు, బాడీ మీద నంబరు కలవాలి. వేరే రైఫిలు బోల్ట్ వేసి అమ్మితే తూటా అంచుకీ బోల్ట్ ముఖానికీ మధ్య సందు పెరుగుతుంది. కాల్చిన ఖాళీ తూటా అడుగుకి కాస్త పైన మెరిసే గీత కనిపిస్తే అదే గుర్తు, ఇంకొన్ని తూటాలకి అక్కడే తెగిపోతుంది. బారెల్‌ని వెలుతురుకి పెట్టి చూస్తే మరల అంచులు పదునుగా ఉండాలి, గుంటలు ఉండకూడదు. మూతి దగ్గర చిన్న గంటు ఉన్నా గుండు దారి తప్పుతుంది. రైఫిలు చెక్క పిడి సన్నబడే మెడ దగ్గర పగులు ఉందేమో గోరుతో గీసి చూడాలి. వార్నిష్ కింద కప్పేసిన పగుళ్లు నేను రెండింట్లో చూశాను.

దీని తూటాకి అంచు ఉంటుంది, మ్యాగజైన్ నింపేటప్పుడు అదే తంటా. పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు ఉండాలి. వెనక పడితే రెండూ పెనవేసుకుని బోల్ట్ కదలదు. తప్పు రైఫిలుది కాదు, నింపిన చేతిది.

గురి సరిచూడ్డం చేనులో కుదరదు. అనుమతి ఉన్న షూటింగ్ రేంజిలోనే చేయాలి. ముందు 25 మీటర్లలో మూడు తూటాలు, ఆ మూడింటి మధ్య చూసి సరిదిద్ది, తర్వాత 100లో మూడు. గుళ్లు కుడికి పడుతుంటే బారెల్ మూతి దగ్గరి గురిబొడ్డెని కుడికే జరపాలి. చాలామంది ఎడమకి జరిపి తప్పుని రెట్టింపు చేసుకుంటారు. లైసెన్సులో రాసిన తూటాల సంఖ్యలో ఇవీ లెక్కే, అందుకని ఏడాది కోటాలో పది ముందే పక్కన పెట్టుకోవాలి.

ఇంత చేసినా పందిని కాల్చే హక్కు రాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో అడవిపంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్లో ఉంది. నిలబడి ఉన్న పంటకి ప్రమాదమైతే 11వ సెక్షను కింద అటవీ అధికారి రాతపూర్వక ఆర్డరు ఇవ్వాలి. ఆ ఆర్డరులో ఎవరు, ఎక్కడ, ఏ షరతులతో అని ఉంటుంది. రాత్రి అని లేకపోతే రాత్రి లేదు. పడిన జంతువు ప్రభుత్వానిది, కూరకి కాదు. కొమరాడ, గరుగుబిల్లి వైపు ఏనుగులొస్తే రైఫిలు బయటికే తీయకూడదు. ఫారెస్టువాళ్లకి ఫోను, అంతే. లైను నుంచి కరెంటు తీగ లాగడం గురించి అడగొద్దు, దానికి పందికన్నా ముందు మనుషులు పోతారు.

కాల్చాల్సి వస్తే మంచె మీద నుంచే. నేల మీద నిలబడి పల్లపు మడిలో కాలిస్తే గుండు నేలని ఏటవాలుగా తాకి ఎగిరి పక్క ఊరి వైపు పోగలదు. నాలుగు మీటర్ల ఎత్తు నుంచి 30 మీటర్ల దూరానికి కాలిస్తే పందిని దాటిన గుండు నాలుగైదు మీటర్ల వెనకే నేలని తాకుతుంది. తడి మట్టయితే ఇంకా నయం, రాతిగట్టు వెనకుంటే కాల్చకూడదు. మందస, మెళియాపుట్టి వైపు జీడితోటల్లో అయితే చెట్ల సందుల్లో ఎవరున్నారో తెలీదు కాబట్టి నా మటుకు నేను వద్దంటాను.

భావనపాడు, కళింగపట్నం దరిదాపుల్లో ఉన్నవాళ్లకి ఉప్పుగాలి శత్రువు. గుడ్డ సంచిలో పెట్టి బీరువాలో దాస్తే వానాకాలంలో పది రోజులకే బోల్ట్ మీద ఎర్రపొడి. నూనె పల్చగా రాయాలి, ఛాంబరులోది తుడిచేయాలి, బోల్ట్ వేరే చోట తాళం వేసి పెట్టాలి. ఎన్నికలప్పుడు డిపాజిట్ చేయమంటే స్టేషన్‌లో నెలల తరబడి ఉంటుంది. కాస్త చిక్కగా నూనె పట్టించి, రసీదులో రైఫిలు నంబరుతో పాటు బోల్ట్ నంబరు కూడా రాయించుకోవాలి.