పెదనాన్న పొలం మీదుగా

మా పెదనాన్నగారి రెండెకరాల పొలం ఇప్పుడు రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి విమానాశ్రయంలో కలిసిపోయింది. పరిహారం అందింది, దానితో వేరేచోట కొంత భూమి కొన్నారు. అయినా కోరుకొండ వైపు వెళ్లినప్పుడల్లా కంచె దగ్గర స్కూటర్ ఆపించి, "మన బోరు అక్కడుండేది" అని చెయ్యి చాపి చూపిస్తారు.

అంత భూమి ఎందుకని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. రాజమహేంద్రవరం పాత రన్‌వే సుమారు 1,750 మీటర్లు. రెక్కలకు పంకాలు తిరిగే ఏటీఆర్‌కు, అంటే డెబ్బై ఎనభై మంది ఎక్కే విమానానికి, అది చాలు. నూట ఎనభై మందిని మోసే ఎయిర్‌బస్‌కు చాలదు. పైగా మా ఊరి ఎండ సంగతి తెలిసిందే. రోహిణి కార్తెలో గాలి వేడెక్కి పలుచబడితే రెక్కలకు పట్టు తగ్గుతుంది, విమానం ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తాలి. వానాకాలంలో తడిసిన నేల మీద ఆగడానికీ ఎక్కువ దూరమే కావాలి. అందుకే రన్‌వేను 3,165 మీటర్లకు పొడిగించారు. పొడిగించాక కూడా ఏళ్ల తరబడి దాని మీద చిన్న విమానాలే తిరిగాయి. ఆ రోజుల్లో పెదనాన్న ముఖం చూడలేకపోయేవాణ్ణి.

2024 డిసెంబరు 1న ఇండిగో ముంబయికి నేరుగా ఎయిర్‌బస్ సర్వీసు మొదలుపెట్టింది. అదే నెలలో ఢిల్లీకీ మొదలైంది. మా చెల్లి ఉండేది ముంబయిలో. అమ్మకు మోకాళ్ల నొప్పులు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రోజుకు పైగా కూర్చోలేక, మనవరాలిని చూడటానికి వెళ్లడమే మానుకుంది. సంక్రాంతి వెళ్లాక ఆమెను తీసుకుని నేను ఆ విమానం ఎక్కాను.

రన్‌వే మొదట్లో పెద్ద తెల్లని అంకెలు: 23. విమానం పరుగెత్తే దిశ దిక్సూచిలో సుమారు 230 డిగ్రీలని, అంటే నైరుతి వైపని. రెండో కొసన 05 ఉంటుంది, అక్కడి నుంచి పరుగెత్తితే ఈశాన్యం వైపు. అమ్మకు అది చెబుతుండగానే వీపు సీటుకు అతుక్కుంది. కాసేపటికి కిటికీలో గోదావరి. అమ్మ చేతులు జోడించింది. రెండు గంటల్లో ముంబయి.

చెల్లి ఇంటికి చేరగానే అమ్మ చేసిన మొదటి ఫోను పెదనాన్నకే. "బావగారూ, మన పొలం మీదుగానే ఎగిరామండీ." అవతల ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మోకాళ్లు నొప్పి చేశాయా అమ్మా?" అని మాత్రం అడిగారు.

మూడు కిలోమీటర్లు దాటిన రన్‌వే రోజులో ఎక్కువసేపు ఖాళీగా ఉండటం నాకు బాధగా ఉంటుంది. గల్ఫ్‌కు వెళ్లే గోదావరి జిల్లాల వాళ్లు ఇప్పటికీ సూట్‌కేసులతో హైదరాబాదుకు రాత్రి బస్సు ఎక్కుతున్నారు. వాళ్లలో కొందరి కుటుంబాలు కూడా ఇక్కడ పొలం ఇచ్చినవే. వాళ్లు ఇక్కడి నుంచే ఎగరాలి. పెదనాన్నకు ఇప్పుడు డెబ్బై తొమ్మిది. వచ్చే నెల ఆయన్ను కంచె లోపలికి, టికెట్టుతో తీసుకువెళ్తున్నాను. కిటికీ సీటు తీసుకున్నాను.