లబ్బక్ ఎర్రమట్టి

మాది ఆదోని దగ్గర నల్లరేగడి ఊరు. టెక్సాస్‌లోని లబ్బక్‌కు చదువుకోవడానికి వచ్చాక పత్తి చేలు కొత్తగా అనిపించలేదు గానీ, ఇక్కడి ఎర్రమట్టి మాత్రం నన్ను పట్టేసింది. ఈ మట్టి పొరల సముదాయాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు బ్లాక్‌వాటర్ డ్రా ఫార్మేషన్ అంటారు. ఏ నదీ మోసుకొచ్చింది కాదు, గాలి తెచ్చి పోసింది. ప్లైస్టోసీన్ కాలంలో, అంటే మంచుయుగాల కాలంలో, ఎక్కువగా నైరుతి దిక్కున ఉన్న పెకోస్ నది లోయ వైపు నుంచి ఎగిరొచ్చి ఈ మైదానం మీద పరుచుకుంది. అందుకే నైరుతిలో ఇసుక ఎక్కువ, ఈశాన్యానికి వెళ్లేకొద్దీ బంకమన్ను. బరువైన రేణువులు ముందే దిగిపోయాయి.

నాకు బాగా ఇష్టమైనవి గట్టు కోసిన చోట కనిపించే పొరలు. ఎర్రమట్టి, కింద తెల్లటి సున్నపు గడ్డలు, మళ్లీ ఎర్రమట్టి. ఒక్కో జత ఒకప్పటి నేల. దుమ్ము తగ్గిన కాలంలో గడ్డి మొలిచింది, వాననీటితో సున్నం కిందికి దిగి గట్టిపడింది. తర్వాత మళ్లీ దుమ్ము కప్పేసింది. ఇలా 14 లక్షల ఏళ్లకు మించి సాగిందని భూగర్భ శాస్త్రవేత్త వాన్స్ హాలిడే 1989లో రాశారు.

మార్చి గాలులకు ఆ మట్టే మళ్లీ లేస్తుంది. కోత అయ్యాక చేలను బోడిగా వదిలేస్తే చూడలేను. నేలను కప్పి ఉంచడానికి రై అనే ధాన్యపు పైరు చల్లిన చేలల్లో మట్టి అంతగా కదలదు. ఇంకా ఎక్కువమంది రైతులు అది చల్లాలి.