వరంగల్ ఎండల్లో లిల్లీ ఆఫ్ ది వ్యాలీ

లిల్లీ ఆఫ్ ది వ్యాలీ మన వరంగల్‌లో కుండీలో బతుకుతుందా అని మొక్కలు పెంచే వాళ్లు తరచూ అడుగుతుంటారు. ఒక్క చలికాలం పూయించుకోవచ్చు, ఏళ్ల తరబడి ఉంచుకోవడం మాత్రం కుదరదు. డబ్బు పెట్టకముందే ఈ సంగతి తెలియాలి.

అది ఫిన్లాండ్ జాతీయ పుష్పం. పసుపు కొమ్ములా మట్టిలో అడ్డంగా పాకే దాని దుంప, వారాల తరబడి 5 డిగ్రీల దగ్గర చలిలో ఉంటే తప్ప సరిగ్గా పూయదు. ఫ్రాన్స్‌లో మే 1న ఈ పూలరెమ్మలను ఒకరికొకరు ఇచ్చుకుంటారు, అదే మే నెలలో మన హన్మకొండ డాబాల మీద 42 డిగ్రీలు మామూలే. డిసెంబర్ రాత్రుల్లో మనం స్వెటర్లు వేసుకున్నా దానికి ఆ చలి చాలదు.

కాబట్టి చలి ఫ్రిజ్‌లోనే ఇవ్వాలి. బతుకమ్మ పండుగప్పుడు దుంపల్ని తడి కొబ్బరి పొట్టులో చుట్టి, చిల్లులు పెట్టిన కవర్లో వేసి, కూరగాయల అరలో 10 నుంచి 12 వారాలు ఉంచండి, పక్కన యాపిల్స్ పెట్టొద్దు, వాటి నుంచి వచ్చే వాయువు మొగ్గను పాడుచేస్తుంది. డిసెంబర్ చివర్లో ఆకుల ఎరువు బాగా కలిపిన మట్టిలో, మొగ్గ కొన పైకి కొంచెం కనిపించేలా దగ్గర దగ్గరగా నాటి, ఉత్తరం వైపు నీడలో పెట్టి తడి ఆరకుండా చూస్తే సంక్రాంతి తర్వాత చిన్న తెల్లని గంటల్లాంటి పూలు చూడొచ్చు, వాసన చాలా బాగుంటుంది. మార్చి ఎండ తగిలాక ఆకులు మాడిపోతాయి, ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదు.

నన్ను నిజంగా భయపెట్టేది వేరే ఉంది. ఈ మొక్క ఆకు, పువ్వు, దుంప, ఎర్రటి కాయ అన్నీ విషమే, గుండె కొట్టుకునే తీరునే దెబ్బతీస్తాయి, పూలు పెట్టిన గ్లాసులో నీళ్లు కూడా తాగకూడదు. ఫ్రిజ్‌లో అల్లం పక్కన ఉంటే ఇంట్లో ఎవరైనా పొరపడొచ్చు, కవర్ మీద పెద్ద అక్షరాలతో రాసి, డబ్బాలో మూతపెట్టి ఉంచండి. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు వద్దనే నేనంటాను. నీలం, ఊదా రంగు ఫొటోలు పెట్టి అమ్మే విత్తనాలు కూడా కొనకండి, ఈ పూలు తెల్లగా, కొన్ని రకాల్లో లేత గులాబీగా ఉంటాయంతే, పైగా విత్తనం నుంచి పూతకు ఏళ్లు పడుతుంది.

సువాసన కోసమే అయితే మన నేలసంపెంగ పెట్టుకోండి, పూల దుకాణాల్లో లిల్లీ అని అమ్మేది అదే. దాని పుట్టిల్లు మెక్సికో, ఎండంటే ఇష్టం. మార్చిలో 12 అంగుళాల కుండీకి మూడు దుంపలు చాలు. ఉత్త నల్లరేగడి వాడితే నీళ్లు నిలిచి కుళ్లిపోతాయి, ఎర్రమట్టిలో ఇసుక, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. ఒంటిరేకు రకం అడగండి, ముద్దపువ్వు కన్నా దాని వాసనే ఎక్కువ. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన ప్రజ్వల్ అనే రకం దొరికితే అదే తీసుకోండి. ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు, పక్కన పుట్టిన పిల్లదుంపల్ని విడదీసి నాటుకోవాలి.