సైకిలెక్కి మూడు నెలలు

మూడు నెలలుగా ఆఫీసుకు సైకిల్ మీదే వెళ్తున్నాను. దూరం 9 కిలోమీటర్లు. సిగ్నళ్లతో కలిపి 40 నిమిషాలు. బస్సెక్కాక ప్రయాణం 25 నిమిషాలే, కానీ స్టాపుకు నడక, ఎదురుచూపు, దిగాక మళ్లీ నడక అన్నీ కలిపితే గంట దాటిన రోజులే ఎక్కువ.

అరగంట దాకా జాడలేని బస్సులు ఒకేసారి రెండు ఎందుకొస్తాయో ఈమధ్యే అర్థమైంది. ముందు బస్సు కాస్త ఆలస్యమైతే స్టాపుల్లో జనం పెరుగుతారు, వాళ్లంతా ఎక్కేసరికి ఇంకా ఆలస్యం. వెనక బస్సుకు ఎక్కేవాళ్లే మిగలరు, అది ఖాళీగా వచ్చి దీన్ని అందుకుంటుంది. ఇన్నాళ్లూ డ్రైవర్లను తిట్టుకున్నాను, పాపం.

అలాగని సైకిల్‌తో అన్నీ సుఖాలే అనుకోకండి. ఎదురుగాలి ఉన్న రోజు ఎవరో క్యారియర్ పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టే ఉంటుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. నా మోకాళ్లకు ఆ లెక్క ఎప్పుడో తెలుసు. మొన్న వానలో బ్రేకు నొక్కితే తడి రిమ్ము మీద రబ్బర్లు జారి, బండి ఇంకో రెండు గజాలు వెళ్లి ఆగింది. ముందున్న కారు వెనకద్దంలో బిక్కచచ్చిన నా మొహం నాకే కనిపించింది!

అందుకే వానొస్తే బస్సే. కిటికీ పక్క సీటు దొరికితే పుస్తకం చదువుకోవచ్చు, సైకిల్ మీద అది కుదరదు కదా. నిన్న అలా చదువుతూ చదువుతూ నా స్టాపు దాటిపోయాను.