బాత్ కొనడానికి పడ్డ పాట్లు

మేం వెళ్లినప్పుడు థాయ్‌లాండ్‌కి మనకి వీసా అక్కర్లేకపోయింది కాబట్టి టికెట్లు, హోటలు ఇట్టే అయిపోయాయి. చిక్కంతా డబ్బు మార్చుకోవడం దగ్గరే.

2024 మొదట్లో మా పక్కింటివాళ్లు వెళ్లొచ్చినప్పుడు అక్కడి కరెన్సీ బాత్ ఒక్కోటి 2.30 రూపాయల చిల్లర. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది, అటు బాత్ కూడా బలపడింది. మేం కొనేసరికి బాత్ 2.80 దాటేసింది. అక్కడివాళ్లు దేని ధరా పెంచకపోయినా, 23,000కి వచ్చే 10,000 బాత్‌కి మేం 28,000 పైనే పెట్టాలి. మాతో రావాల్సిన మా ఆడపడుచు వాళ్లు లెక్కలేసుకుని వియత్నాం వెళ్లిపోయారు. రూపాయి మీద వాళ్ల కరెన్సీ దాంగ్ అంతగా పెరగలేదు మరి. రేటు పెరిగితే చాలామంది ప్రయాణం మానుకోరు, దేశం మార్చుకుంటారు. బ్యాంకాక్‌లోని వాట్ ఫ్రా కేవ్ గుడి గోడల మీది రామాయణం బొమ్మలు చూపిస్తానని అమ్మకి మాటిచ్చాను, అందుకని నేను మార్చుకోలేదు.

విజయవాడలో ఒక మనీ చేంజర్ దగ్గరికి వెళ్లాం. బోర్డు మీద ఒక రేటు, కౌంటర్లో ఇంకో రేటు. ఇదేంటంటే, "అది కార్డుకి మేడమ్, నోట్లకి వేరే" అన్నాడు. పాస్‌పోర్టు, పాన్ కార్డు, టికెట్లు ఇచ్చాను. తిరగేస్తూ, "బ్యాంకాకా? సార్ రావట్లేదా?" అని పక్క సీటు కుర్రాడి వైపు చూసి నవ్వాడు. వెనక లైన్లో జనం. అమ్మ తల దించేసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. "నోట్ల రేటెంతో కాగితం మీద రాసివ్వండి" అన్నాను. రాయనన్నాడు. కాగితాలు లాక్కుని బయటికొచ్చేశాను. ఏళ్ల తరబడి బడిలో లెక్కలు చెప్పినదాన్ని, రేటు అడిగితే ఆ కుళ్లు నవ్వా? ఆడవాళ్లు సొంత డబ్బుతో గుడి చూడ్డానికి వెళ్లకూడదా? రేటు రాసివ్వనివాడి దగ్గర ఒక్క నోటు కూడా కొనకండి.

ఇంకోచోట రాసిచ్చారు, బిల్లూ ఇచ్చారు. టాక్సీకి సరిపడా బాత్ కొని, మిగతాది 100 డాలర్ల నోట్లు తీసుకున్నాను. బ్యాంకాక్‌లో ఎయిర్‌పోర్టు కన్నా ఊళ్లో రేటు నయం, చిన్న నోట్ల కన్నా పెద్ద నోట్లకి ఇంకా నయం. మన రూపాయలు మాత్రం పట్టుకెళ్లకండి, వాళ్లిచ్చే రేటుకి కడుపు మండుతుంది.

అక్కడి ఏటీఎంలో తీసిన ప్రతిసారీ 200 బాత్ పైనే కోత, కాబట్టి తీసేదేదో ఒకేసారి తీయండి. రూపాయల్లో లెక్క కట్టమంటారా అని స్క్రీన్ మీద అడుగుతుంది. వద్దనే నొక్కండి. ఒప్పుకుంటే ఆ మిషన్ వేసిన రేటే మీ నెత్తిన పడుతుంది.